మూడోసారి

మా కాలేజీలో పాట అంటే
వార్షికోత్సవం నాడు పాడేది కాదండి ఇప్పుడు.
కొబ్బరి చెట్ల పాట.
నూట పద్దెనిమిది చెట్లు, నెలన్నరకో దింపు.
అంబాజీపేటలో వెయ్యి కాయ ధర జారిందా
ఇంగ్లీషు మాస్టారి జీతం ఆ నెలకి ఆగుతుంది.
పాపం ఆయన క్లాసుకి వస్తూ వస్తూ
ముందు చెట్ల మొవ్వులకేసి చూస్తాడు,
తెల్లదోమ పట్టిందేమోనని.

నేను జువాలజీ ల్యాబు అటెండర్ని.
ముప్ఫయ్యొక్కేళ్ళుగా ఫార్మలిన్ సీసాల మీద దుమ్ము నాదే.
చేరిన కొత్తలో ప్రాక్టికల్సుకి నలభై కప్పలు,
పంటబోదె గట్టున లాంతరు పెట్టి పట్టేవాణ్ణి.
తర్వాత ఇరవై.
తర్వాత కప్పల్ని కొయ్యకూడదని కాగితం వచ్చింది.
అది వచ్చేసరికి
కొయ్యడానికి పిల్లలూ లేరు.

రిటైరైన వాళ్ళ కుర్చీలు గోడవారకి జరిగాయి.
బోటనీ ఆయన వెళ్ళాక
ఆయన పెంచిన క్రోటన్లకి నేనే నీళ్ళు పోస్తున్నాను,
వాటి పేర్లు మాత్రం నాకు రావు.

మొన్న ఎండల్లో కరపత్రాలు పట్టుకుని
యేసుపాదం గారూ నేనూ తాటిపాక నుంచి లంకల దాకా తిరిగాం.
ప్రతి గుమ్మంలోనూ మాకన్నా ముందే
ఎవరిదో పసుపు బస్సు వచ్చి వెళ్ళింది.
"హాస్టలుందా? ఏసీ ఉందా? ఉద్యోగం ఇప్పిస్తారా?"
ఆయన చదువుందండీ అనేవారు, కొంచెం సిగ్గుపడుతూ.
ఏటిగట్టు కింద ఒకావిడ మజ్జిగిచ్చి
మా చెమటలకేసి చూసి అడిగింది:
"మా పిల్లని చేరిస్తే మీ ఉద్యోగాలు నిలబడతాయా బాబూ?"
ఆయన అబద్ధం ఆడలేదు.
"నిలబడతాయమ్మా."
అలా చేరింది ఓలేటి మంగవేణి.
సీబీజెడ్‌లో రోల్ నంబరు ఒకటి.
రెండు లేదు.

కెమిస్ట్రీ హాలు రొయ్యల మేత డీలరుకి అద్దెకిచ్చారు.
పైకప్పు కారి జువాలజీ గది మూసేశాక
మేమూ అందులోకే వచ్చాం, ఓ మూలకి.
ఇక బెంచీలు మిగిలాయి. వాటికీ పాట పెట్టారు.

సూపరింటెండెంటు కుక్కుటేశ్వర్రావు గారు వరండాలో నిలబడి
హాజరు పిలిచినట్టే పిలిచాడు.
లాకుల దగ్గర టిఫిను హోటలు పోలిశెట్టి ఒక్కడే పాటగాడు.
ఆఖరి వరస బెంచీ.
"ఏడొందలు ఒకటోసారి.
ఏడొందలు రెండోసారి."
ఆగిపోయాడు.
బెంచీ చివర, కంపాస్ ముల్లుతో చెక్కిన కోడిపుంజు.
ఈకలతో సహా, కాలికి కత్తితో సహా.
ఆ రోజుల్లో ఈయన్ని అందరూ కోడీ అనే పిలిచేవారట.
వేలు ఆ తురాయి మీద పెట్టి
అక్కడే ఉండిపోయాడు.
ఇంకెవరో పెంచుతున్నారనుకున్నాడు పోలిశెట్టి,
కంగారుపడి తన పాట మీద తనే యాభై పెంచాడు.
ఎవరూ నవ్వలేదు.
"ఏడొందల యాభై, మూడోసారి"
అన్నాడాయన, తోటకేసి చూస్తూ.

ఇప్పుడా పుంజు మీద ఇడ్లీ ప్లేటు పెడతారు.
నేను వెళితే కొంచెం పక్కకి జరుపుకుంటాను.

క్లాసు మాత్రం జరుగుతోందండి.
మంగవేణి మేత బస్తాల మీద కూర్చుంటుంది.
యేసుపాదం గారు హాజరు పట్టీ తెరిచి
"రోల్ నంబరు ఒకటి" అంటారు, ఆమె ఎదురుగానే ఉన్నా.
"ప్రెజెంట్ సార్."
ఆ తర్వాత రొయ్య జీర్ణవ్యవస్థ.
నలభై మందికి చెప్పే గొంతుతోనే చెబుతారు,
గోడ దాకా వినబడేలా.
పుస్తకం నిండా చేపపొడి వాసన.

చెరువులకి సీజను మొదలైంది.
రోజూ పదింటికి లారీ వచ్చి
బెంచీలో కొంత పట్టుకుపోతుంది.
కుర్రాళ్ళు బస్తా లాగేటప్పుడు
ఆ పిల్ల లేచి, పక్కకి జరిగి,
నిలబడే రాసుకుంటుంది.